బస్సు మాట్లాడుకునే ముందు: బరంపురం వైపు రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కార్తీకం దగ్గరపడుతోందంటే ఒడిశాలోని మా బరంపురంలో మన తెలుగోళ్ల ఇళ్లనించి ఫోన్లు మొదలవుతాయి. వనభోజనాలకి ఒక బండి, అరసవల్లి శ్రీకూర్మం సింహాచలం కలిపి ఒక బండి, కుర్రాళ్లయితే కొండల మీదున్న దారింగ్‌బాడి, చలి ముదిరాక రంభ, బర్కుల్ వైపు చిలికా పిక్నిక్కులు. టెంపో ట్రావెలర్లు, మినీ బస్సులు డ్రైవర్‌తో సహా అద్దెకి పంపే పని నాది. ఫోన్ చేసినవాళ్లు అడిగేది మాత్రం దాదాపు ఒక్కటే, "కిలోమీటర్‌కి ఎంత?" అడగాల్సినవన్నీ దాని తర్వాతే ఉంటాయండి, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: కిలోమీటర్ రేటు ఎవరు తక్కువ చెబితే వాళ్లదే చవక.

వాస్తవం: రేటు సగం మాటే, రోజుకి మినిమం ఎన్ని కిలోమీటర్లు అన్నది మిగతా సగం. లెక్క కోసం అనుకుందాం, దారింగ్‌బాడి రెండు రోజుల ట్రిప్, అక్కడి తిరుగుడుతో కలిపి 300 కిలోమీటర్లు. ఒకాయన 24 రూపాయలన్నాడు, రోజుకి 300 మినిమం. అంటే మీరు తిరిగినా తిరక్కపోయినా 600 కిలోమీటర్లకి 14,400 కట్టాలి. ఇంకొకాయన 27 అన్నాడు కానీ మినిమం 250, అంటే 500కి 13,500. రేటు ఎక్కువ చెప్పినాయనే చవకయ్యాడు కదా. ఇంకా, మీటర్ మీ ఇంటి దగ్గర కాదు, బండి షెడ్‌లోంచి బయటకొచ్చిన దగ్గర్నించి మళ్లీ షెడ్‌కి చేరేదాకా తిరుగుతుంది, ఆ ఖాళీ కిలోమీటర్లు కూడా మీ బిల్లులోనే పడతాయి. రోజు లెక్క కూడా అడగండి, కొందరు 24 గంటలంటారు, చాలామంది తారీఖు లెక్క చూస్తారు, అలాంటప్పుడు రాత్రి 11కి బయల్దేరితే ఆ ఒక్క గంటకే ఒక రోజు పోతుంది, అదే తెల్లవారుజామున 4కి బయల్దేరితే ఆ డబ్బు మిగులుతుంది, డ్రైవర్‌కి నిద్రా దొరుకుతుంది. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా (అంటే ఆయన రోజు ఖర్చుకిచ్చే డబ్బు), నైట్ హాల్ట్ (రాత్రి ఆగినందుకు తీసుకునేది), పక్క రాష్ట్రం టాక్స్, వీటిలో ఏవి కలిపి చెప్పారో ఏవి విడిగానో ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. ఎక్కేముందు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, నిజాయితీగా చేసుకునే ఓనరెవరూ దానికి అడ్డు చెప్పరు.

అపోహ: డ్రైవర్లకి అలవాటేనండి, రాత్రంతా నడుపుతాడు, పొద్దున్న మనం దర్శనంలో ఉన్నప్పుడు పడుకుంటాడు, మళ్లీ రాత్రి బయల్దేరిపోవచ్చు.

వాస్తవం: నన్ను బాగా భయపెట్టేది ఈ మాటే. నిద్ర లేకుండా నడపడం అలవాటయ్యే పని కాదు, ఎవరికీ కాదు. మీరు గుడిలో ఉన్న రెండు గంటల్లో ఆయన పార్కింగ్ వెతుక్కోవాలి, పోలీసు జరపమంటే జరపాలి, అద్దాలు తుడవాలి, టైర్లు చూసుకోవాలి, ఈలోపు మీలో ఎవరో ఒకరు బ్యాగ్ మర్చిపోయామని డోర్ తియ్యమంటారు. ఎండలో సీట్లో కూర్చుని కునుకు తీస్తే దాన్ని నిద్ర అనరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే డ్రైవర్‌కి రోజుకి 8 గంటల పని, 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం అని పెట్టారు, ఊరికే పెట్టలేదు. గంటకి 60లో వెళ్తున్న బండి మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ మూడు సెకన్లు డ్రైవర్ కళ్లు మూతపడితే వెనక సీట్లో అంత్యాక్షరి ఆడుతున్న మనకి తెలియను కూడా తెలియదు.

2023 జూన్‌లో మన దిగపహండి దగ్గర అర్ధరాత్రి దాటాక పెళ్లివారి బస్సు, ఇంకో బస్సు ఢీకొని 12 మంది పోయారు, ఇక్కడ ఎవరికీ మర్చిపోయే సంగతి కాదది. ఆ వేళప్పుడు రోడ్డు మీద ఉండటమే రిస్కు, మీ డ్రైవర్ మెలకువగా ఉన్నా ఎదురొచ్చేవాడు ఉండాలని లేదు. అందుకే రాత్రి 11 నించి తెల్లవారుజామున 4 దాకా బండి ఆగి ఉండేలా ప్లాన్ చేసుకోమని ఎవరడిగినా చెబుతాను. విజయవాడ వాళ్లు పంచారామాలు ఒక్కరోజులో చూసేస్తున్నారు కదా, మనం ఒకటిన్నర రోజులో చేసేద్దాం అంటారు కొందరు. విజయవాడ ఆ గుళ్లకి మధ్యలో ఉంది, మనకి విశాఖే 250 కిలోమీటర్లు దాటి ఉంది, సామర్లకోట ఆపైన, అమరావతి ఇంకా ఆపైన. దానికి మూడు రోజులైనా పెట్టుకోండి, కుదరదంటే ఇద్దరు డ్రైవర్లని అడగండి, రెండో బత్తా పదిహేను మంది పంచుకుంటే తలకి పెద్ద పడదు. హోటల్ బుక్ చేసేటప్పుడు డ్రైవర్‌కి మంచం ఉందా అని కూడా అడగండి, చాలా చోట్ల డ్రైవర్ల డార్మిటరీ ఉంటుంది, లేకపోతే ఒక చిన్న రూమ్ తీయండి. దోమల్లో బండిలో పడుకున్న మనిషి చేతిలోనే పొద్దున్న మీ అమ్మానాన్నా పిల్లలూ అందరూ ఉంటారు.

అపోహ: ఘాట్‌లో ఏసీ ఆపాడంటే డీజిల్ మిగుల్చుకుంటున్నాడు, దిగేటప్పుడు మెల్లగా వస్తున్నాడంటే చేతకాదు.

వాస్తవం: నిండు బండితో ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ మీద లోడ్ విపరీతం, టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తుంటే ఏసీ ఆపడమే సరైన పని, పైకెక్కాక మళ్లీ వేస్తాడు. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే లైనింగులు వేడెక్కి, ఎంత తొక్కినా పట్టని స్థితి వస్తుంది, అందుకే ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. 2022 మేలో దారింగ్‌బాడి చూసి విశాఖ వైపు వెళ్తున్న బెంగాల్ టూరిస్టుల బస్సు కళింగ ఘాట్‌లో బోల్తాపడి ఆరుగురు చనిపోయారు. ఘాట్‌లో డ్రైవర్‌ని తొందరపెట్టకండి, పాట మార్చమని కూడా అడగకండి. దారింగ్‌బాడి, అరకు లాంటి చోట్లకయితే ఆ రోడ్డు తెలిసిన డ్రైవర్ కావాలని బుకింగ్‌లోనే చెప్పండి, కొత్త బండి కన్నా అదే ముఖ్యం.

అపోహ: తెలిసినాయన సొంత బండి ఉంది, వైట్ బోర్డు (తెల్ల నంబర్ ప్లేటు), డీజిల్ కొట్టించి ఏదో ఇస్తే చాలు.

వాస్తవం: అద్దెకి తిప్పే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. పర్మిట్ లేకుండా తిప్పితే ఇప్పుడు 10,000 జరిమానా, బండి ఆపేస్తే మీ ప్రయాణం అక్కడితో సరి. అసలు బాధ అది కాదు, ఏదైనా జరిగితే సొంత వాడకం పాలసీ ఉన్న బండిని అద్దెకి తిప్పారని ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డం తిరుగుతారు, దెబ్బలు తగిలినవాళ్లు ఆస్పత్రి బిల్లులు పట్టుకుని ఏళ్ల తరబడి తిరగాల్సొస్తుంది. బండి నంబర్ అడిగి ప్రభుత్వం వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో రెండు నిమిషాల్లో కనిపిస్తుంది.

అపోహ: 17 సీటరే కదా, 20 మంది సర్దుకుంటాం, పిల్లలు ఒళ్లో కూర్చుంటారు.

వాస్తవం: ఎక్కువైన ఒక్కో మనిషికి 200 జరిమానా, పైగా వాళ్లకి వేరే బండి ఏర్పాటు చేసేదాకా మీ బండి కదలనివ్వకపోవచ్చు. అదలా ఉంచండి, వంట సామాన్లు, గ్యాస్ పొయ్యి, బ్యాగులు ఎక్కడ పెడతారు? నడిచే దారిలో పెడితే ఆపద వచ్చినప్పుడు దిగే దారి మూసుకుపోతుంది. 15 మంది ఉంటే 17 సీటర్, 17 మంది ఉంటే పై సైజు తీసుకోండి.

అపోహ: గిరిసోల దగ్గర ఒడిశా బోర్డర్ దాటి ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో అడుగుపెడితే అక్కడ ఆపేవాళ్లకి ఎంతోకొంత చేతిలో పెట్టాల్సిందే.

వాస్తవం: ఆలిండియా టూరిస్ట్ పర్మిట్, అంటే దేశమంతా తిరిగే పర్మిట్, ఉన్న బండికి ఆ గొడవ లేదు, 2023 నించి కొత్త రూల్స్ కూడా వచ్చాయి. ఒడిశా పర్మిట్ ఒక్కటే ఉన్న బండయితే ఆంధ్రాకి టెంపరరీ పర్మిట్, టాక్స్ ముందే కట్టుకుని రావాలి. మీ బండి ఏ రకమో బుకింగ్ రోజే అడగండి, బోర్డర్‌లో కాదు.

అపోహ: మ్యాప్‌లో నాలుగు గంటలు చూపిస్తోంది కాబట్టి నాలుగు గంటలే.

వాస్తవం: అది కారు లెక్క. మినీ బస్సుకి స్పీడ్ గవర్నర్ ఉంటుంది, 80 దాటదు. పైగా ఇరవై మంది టీకి దిగితే మళ్లీ ఎక్కేసరికి అరగంట, అలాంటి స్టాపులు మూడు అనుకోండి. పూరీలో అయితే బడదాండ, అంటే జగన్నాథుడి గుడి ముందున్న పెద్ద వీధి, మీదుగా గుడి ముందుదాకా బస్సు రానివ్వరు, పార్కింగ్ నించి పెద్దవాళ్లని ఆటోలోనో రిక్షాలోనో తీసుకెళ్లాలి, ఆ టైమూ కలుపుకోండి.

అపోహ: అడ్వాన్స్ ఇచ్చేశాం, బండి చెడితే ఓనరే చూసుకుంటాడు.

వాస్తవం: పెళ్లిళ్ల సీజన్‌లో చెడిందంటే ఇంకో బండి దొరకడమే కష్టం, అందుకే మాట నోటితో వదిలెయ్యకండి. బండి నంబర్, ఎన్ని సీట్లు, రేటు, మినిమం, బత్తా, ఏ డ్రైవర్ వస్తాడు, మధ్యలో ఆగిపోతే ఎన్ని గంటల్లో వేరే బండి పంపుతారు, మనం క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారు, అంతా ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి పంపండి, ఓనర్ నించి ఓకే అని రిప్లై వచ్చాకే డబ్బు వెయ్యండి.