సైనిక దుస్తుల నుంచి న్యాయపీఠానికి: అమెరికా సుప్రీంకోర్టులో యుద్ధానుభవం చరిత్ర

2010 జూన్‌లో జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ తన 90వ ఏట పదవీ విరమణ చేయడంతో, అమెరికా సుప్రీంకోర్టులో రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన న్యాయమూర్తులు ఇక ఎవరూ లేకుండా పోయారు. సైన్యంలో పనిచేసి వచ్చిన న్యాయమూర్తి, యుద్ధం గురించి, దేశభద్రత గురించి వచ్చే కేసుల్లో ప్రభుత్వం వైపే మొగ్గుతాడన్న అభిప్రాయం సాధారణంగా వినబడుతుంది. ఆ కోర్టు చరిత్రను దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయానికి ఆధారం తక్కువేనని తెలుస్తుంది. సైన్యాన్ని లోపలి నుంచి చూసినవారిలో కొందరు దాని మాటను బాగా నమ్మారు, కొందరు గట్టిగా ప్రశ్నించారు. ఎవరు ఏం చూశారు, ఎక్కడ పనిచేశారు అన్నదాన్ని బట్టి ఈ తేడా చాలావరకు వచ్చింది.

ఈ కథ కోర్టు తొలి దశాబ్దాల నుంచే మొదలవుతుంది. 1801 నుంచి 1835 వరకు చీఫ్ జస్టిస్‌గా ఉన్న జాన్ మార్షల్, స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ వాషింగ్టన్ సైన్యంలో అధికారిగా పనిచేసి, 1777-78 చలికాలాన్ని వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో తిండికీ బట్టకూ కటకటలాడుతున్న సైనికుల మధ్య గడిపారు. వేర్వేరు రాష్ట్రాల వారితో భుజం కలిపి పోరాడటం వల్లనే అమెరికా మొత్తాన్ని తన దేశంగా, కాంగ్రెస్‌ను తన ప్రభుత్వంగా భావించడం తనకు అలవాటైందని ఆయన తరువాత రాసుకున్నారు. కేంద్ర ప్రభుత్వ అధికారాన్ని స్థిరపరిచిన 1819 నాటి మెకల్లక్ కేసు తీర్పును ఆ మాటలు గుర్తుంచుకుని చదివితే, దాని వెనుక ఆ శిబిరం కూడా ఉందనిపిస్తుంది.

ఆలివర్ వెండెల్ హోమ్స్ విషయం ఇంత సూటిగా ఉండదు. అంతర్యుద్ధంలో మసాచుసెట్స్ 20వ పదాతిదళంలో ఉన్న ఆయన మూడుసార్లు గాయపడ్డారు. 1861లో బాల్స్ బ్లఫ్ వద్ద ఛాతీలోనూ, మరుసటి ఏడాది యాంటీటమ్ వద్ద మెడలోనూ తూటాలు దిగాయి, 1863లో మడమకు దెబ్బ తగిలింది. సైనికుడి కర్తవ్యనిష్ఠను కీర్తిస్తూ 1895లో ఆయన చేసిన ప్రసంగం థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఎంతో నచ్చింది. 1902లో ఆయనను సుప్రీంకోర్టుకు ఎంపిక చేసింది ఆ రూజ్‌వెల్టే. యుద్ధం హోమ్స్‌కు నేర్పింది దయ అని చెప్పలేం. మానసిక వైకల్యం ఉందని ముద్రపడిన వారికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడాన్ని సమర్థించిన 1927 నాటి బక్ కేసులో, దేశం తన ఉత్తమ పౌరుల ప్రాణాలనే అడుగుతున్నప్పుడు వీరిని ఇంతకంటే చిన్న త్యాగం ఎందుకు అడగకూడదని ఆయన వాదించారు. యుద్ధభూమిలో పుట్టిన తర్కాన్ని ఆసుపత్రిలోకి తీసుకువచ్చిన ఆ వాక్యం ఆయన పేరుకు అంటిన మచ్చ. యుద్ధకాలపు అసమ్మతి విషయంలోనూ ఆయన ఒకే చోట నిలవలేదు. నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకిస్తూ కరపత్రాలు పంచినవారి శిక్షను 1919 మార్చిలో ఖాయం చేసిన ఆయనే, అదే ఏడాది నవంబరులో అబ్రామ్స్ కేసులో వాక్ స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ, మెజారిటీతో విభేదించే ప్రసిద్ధమైన అసమ్మతి తీర్పు రాశారు.

ఒకే రకమైన నేపథ్యం ఉన్న ఇద్దరు ఎంత దూరంగా నిలబడగలరో 1944 నాటి కొరెమాట్సు కేసు చూపిస్తుంది. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వారిని సైనిక ఉత్తర్వులతో ఇళ్ల నుంచి తరలించడాన్ని సమర్థిస్తూ మెజారిటీ తీర్పు రాసిన హ్యూగో బ్లాక్, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శతఘ్ని దళంలో కెప్టెన్. ఆ ఉత్తర్వును జాతి వివక్ష అని తూర్పారబట్టిన ఫ్రాంక్ మర్ఫీ కూడా ఆ యుద్ధంలో పనిచేసినవారే. అంతేకాదు, న్యాయమూర్తి పదవిలో ఉండగానే 1942 వేసవి సెలవుల్లో ఫోర్ట్ బెన్నింగ్‌లో రిజర్వు అధికారిగా శిక్షణ పొందారు. ఉత్తర్వుకు చూపిన కారణాలు సైనిక నైపుణ్యానికి సంబంధించినవి కావని, జాతి గురించిన ఊహాపోహలని మర్ఫీ విడదీసి చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధం కొందరికి ఉద్యోగ మార్గాన్నీ వేసింది. ఉత్తర ఆఫ్రికాలో వాతావరణ పరిశీలకుడిగా పనిచేసి, తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన విలియం రెన్‌క్విస్ట్, యుద్ధం నుంచి తిరిగివచ్చిన వారికి ప్రభుత్వం ఇచ్చిన చదువు సాయంతోనే స్టాన్‌ఫర్డ్‌లో చేరారు. పసిఫిక్‌లో నౌకాదళ గూఢచార విభాగంలో ఉన్న బైరన్ వైట్, జాన్ ఎఫ్. కెనెడీ నడిపిన పడవ మునిగిపోయిన ఘటనపై నివేదిక రాశారు. ఆ కెనెడీయే అధ్యక్షుడై 1962లో ఆయనను సుప్రీంకోర్టుకు నియమించారు.

ఈ తరం కూడా ఒక్క మాటపై లేదు. విధుల్లో ఉన్న వైమానికదళ అధికారి తన యూదు మతాచారం ప్రకారం చిన్న టోపీ ధరించవచ్చా అన్న 1986 నాటి గోల్డ్‌మన్ కేసులో రెన్‌క్విస్ట్ సైన్యం నిర్ణయాన్నే గౌరవించగా, యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి కర్నల్ స్థాయికి చేరిన విలియం బ్రెనన్ దాన్ని వ్యతిరేకించారు. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి అలాంటి టోపీలకు వీలు కల్పించింది. జాతీయ జెండాను తగలబెట్టడం వాక్ స్వాతంత్ర్యమేనని 1989లో తీర్పు రాసిందీ బ్రెననే. దానిని వ్యతిరేకించిన స్టీవెన్స్, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరపు కొండను ఎక్కిన సైనికులను తలచుకున్నారు.

స్టీవెన్స్ పర్ల్ హార్బర్‌లో శత్రువుల రేడియో సందేశాలను విశ్లేషించే నౌకాదళ విభాగంలో పనిచేశారు. 1943 ఏప్రిల్‌లో జపాన్ అడ్మిరల్ యమమొటో విమానాన్ని, అలాంటి సందేశాల ద్వారా ముందుగా తెలిసిన సమాచారంతో అమెరికా దళాలు కూల్చివేశాయి. ఒక వ్యక్తిని పేరుపెట్టి గురిచూసి చంపడం తనను కలవరపరిచిందని, మరణశిక్షపై తన ఆలోచనలను అది ప్రభావితం చేసిందని ఆయన తరువాత చెప్పారు. క్యూబాలోని గ్వాంటనామో అమెరికా నౌకాదళ స్థావరంలో నిర్బంధించిన ఖైదీలు అమెరికా కోర్టులను ఆశ్రయించవచ్చన్న 2004 నాటి రసూల్ తీర్పు, వారి విచారణకు అధ్యక్షుడు ఏర్పాటు చేసిన సైనిక కమిషన్లు చెల్లవన్న 2006 నాటి హమ్దాన్ తీర్పు ఆయన రాసినవే. ఈ రెండో తీర్పులో ఆయన ప్రమాణంగా తీసుకున్నవాటిలో సైన్యం సొంత న్యాయస్మృతి కూడా ఉంది.

1973లో నిర్బంధ సైనిక సేవ ముగియడంతో ఈ వరుస దాదాపు తెగిపోయింది. ఇప్పుడున్న తొమ్మిది మందిలో సైన్యంలో పనిచేసినవారు శామ్యూల్ అలిటో ఒక్కరే, అదీ రిజర్వులో. సైన్యం లోపలి సంగతులు కోర్టుకు ఇప్పుడు ఎక్కువగా లిఖిత వాదనల రూపంలోనే చేరుతున్నాయి. 2003లో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణనలోకి తీసుకోవడాన్ని సమర్థించిన గ్రటర్ కేసులో, విశ్రాంత సైనికాధికారులు సమర్పించిన పత్రాన్ని కోర్టు తన తీర్పులో ఉదాహరించింది. 2023లో ఆ విధానాన్నే కొట్టివేసినప్పుడు, సైనిక అకాడమీలకు ప్రత్యేక ప్రయోజనాలు ఉండవచ్చంటూ వాటి సంగతిని చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఒక పాదసూచికలో పక్కన పెట్టారు.