హంసలో ఒక జంట చుక్క

చిరంజీవులు బుజ్జికి, చిన్నమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

పోలి స్వర్గం నాడు కాలువ రేవులో అరటి దొప్పల దీపాలు వదులుతూ, "చుక్కలు ఎప్పుడూ ఒకేలా వెలుగుతాయా?" అని అడిగారు. చలిగా ఉందని అప్పుడు మిమ్మల్ని ఇంట్లోకి తోలేశాను. మంచి ప్రశ్న, వదిలేయకూడదు.

చీకటి పడ్డాక వాయవ్యాన, కొబ్బరి తలల పైన హంస మండలం ఉంటుంది. అందులో ఎస్‌ఎస్ సిగ్ని అని ఒక చుక్క. 1896లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో లూయిసా వెల్స్ అనే ఆవిడ కనిపెట్టింది. మామూలప్పుడు నా బైనాక్యులర్స్‌కి అందదు. సుమారు ఏడెనిమిది వారాలకోసారి మాత్రం, ఒకటి రెండు రోజుల్లోనే 40 రెట్లు వెలిగిపోతుంది. కొన్నాళ్లుండి మళ్లీ మసకబారుతుంది.

నిజానికి అది జంట. ఒకటి తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయిన చుక్కలో మిగిలిన నడిమి ముద్ద. దాదాపు సూర్యుడంత బరువు, భూమంత సైజు. రెండోది మామూలు నక్షత్రమే, కాస్త చల్లనిది. ఆరున్నర గంటల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తాయి. అంత దగ్గరగా ఉండబట్టి మరుగుజ్జు రెండోదాని గ్యాసు లాగేసుకుంటుంది.

ఆ గ్యాసు తిన్నగా వెళ్లి పడదు. వరదప్పుడు గౌతమిలో సుడి చూశారు కదా! కొబ్బరి డొక్క గిరగిరా తిరుగుతూ, ఎంతో సేపటికి గానీ మధ్యకి చేరదు. ఇక్కడా అంతే. గ్యాసు మరుగుజ్జు చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంది. పడిపోకుండా కాచేది ఆ తిరుగుడే.

తిరుగుడు తగ్గాలంటే రాపిడి కావాలి. చల్లటి గ్యాసులో రాపిడి తక్కువ, అందుకని పళ్లెంలో పేరుకుపోతుంది. పేరుకునే కొద్దీ వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి, రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. రాపిడి పెరిగితే కదలిక ఆగుతుందని కదా మనం అనుకుంటాం? ఇక్కడ తిరుగుడు చచ్చి, గ్యాసు లోపలికి వరదలా దూకుతుంది. పళ్లెమంతా భగ్గుమంటుంది. మనకి కనిపించే ఆ వెలుగు చాలావరకు పళ్లెందే, చుక్కలది కాదు. సరుకు తగ్గాక చల్లబడి, మళ్లీ పోగెయ్యడం మొదలు. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

మిథునంలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది, యూ జెమినోరం. 1855లో జాన్ రస్సెల్ హిండ్ అనే ఖగోళవేత్త చూశాడు. దాని సంగతి మీరొచ్చాక చెబుతాను.

మన హంసలో చుక్క గురించి కార్తీకమంతా నా నోట్‌బుక్‌లో "కనిపించలేదు" అనే ఉంది. నిన్న రాత్రి ఏడింటికి కనిపించింది! ఎక్కువ రోజులు ఉండదు. శనివారం మధ్యాహ్నం బస్సుకే వచ్చేయండి, స్వెట్టర్లు మర్చిపోకండి.

మీ తాతయ్య