గీసిన మనిషే ప్రమాదమన్న బొమ్మ

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరినవాళ్లకు మొదట్లోనే ఒక మెట్ల బొమ్మ పరిచయమవుతుంది. పై మెట్టు రిక్వైర్‌మెంట్స్, అంటే ఏమేం కావాలో రాసుకోవడం, తర్వాత డిజైన్, కోడింగ్, టెస్టింగ్, మెయింటెనెన్స్. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. దీని పేరు వాటర్‌ఫాల్. ఇది పాతబడిపోయింది, ఇప్పుడంతా ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ, మార్చుకుంటూ పోయే పద్ధతి) అని కూడా ఆ క్లాసులోనే చెప్తారు. ఈ రెండు మాటల మధ్య పెద్ద కథే ఉంది. అది తెలియక చాలా టీములు పాత పద్ధతిలోని మంచిని వదిలేసి, చెడును మాత్రం దాచుకుంటున్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ బొమ్మను ప్రసిద్ధం చేసింది 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన వ్యాసం. అమెరికాలో అంతరిక్ష ప్రయోగాలకు సాఫ్ట్‌వేర్ రాయించిన అనుభవం ఆయనది. అందులో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు, అది 1976లో వేరేవాళ్ల వ్యాసంలో కనిపిస్తుంది. మెట్ల బొమ్మ గీసిన వెంటనే, ఈ ఆలోచన మంచిదే కానీ ఇలాగే అమలు చేస్తే దెబ్బతింటామని రాయిస్ రాశారు. కారణమూ చెప్పారు. ప్రోగ్రామ్ ఎంత వేగంగా నడుస్తుందో, మెమరీ సరిపోతుందో లేదో మొదటిసారి తెలిసేది చివర్లో, టెస్టింగ్‌లో. అక్కడ తేడా వస్తే డిజైన్ మార్చాలి, ఒక్కోసారి రిక్వైర్‌మెంట్సే మార్చాలి. అప్పుడు ఖర్చు, గడువు రెట్టింపు దాకా పోవచ్చు. అందుకే ముందు ఒక చిన్న నమూనా కట్టి చూడమన్నారు. 30 నెలల పనైతే అందులో 10 నెలలు దానికే ఇవ్వమన్నారు.

జనానికి బొమ్మ గుర్తుండిపోయింది, హెచ్చరిక గుర్తులేదు. 1985లో అమెరికా రక్షణ శాఖ తన సాఫ్ట్‌వేర్ పనులకు తెచ్చిన 2167 అనే ప్రమాణాన్ని కాంట్రాక్టర్లు ఈ మెట్ల వరసగానే పాటించారు. 1994లో కొత్త ప్రమాణంతో ఆ పట్టు సడలించారు. ఒప్పందాలు రాసేవాళ్లకు మెట్లు చాలా అనుకూలం: ఒక్కో మెట్టుకు ఒక డాక్యుమెంటు, ఒక సంతకం, ఒక బిల్లు.

వైటూకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం తేదీల సమస్యను సరిచేసే పనులు నడిచినప్పుడు, హైదరాబాద్‌కు వచ్చిన పనీ ఎక్కువగా ఈ దారినే నడిచింది. క్లయింటు అమెరికాలో, మనకు పగలైతే వాళ్లకు రాత్రి. నమ్మకం కుదరాలంటే కాగితం కావాలి. కాబట్టి ముందే సైన్ ఆఫ్, అంటే క్లయింటు ఆమోద సంతకం, ఆ తర్వాత ఏది మారినా చేంజ్ రిక్వెస్ట్ అనే కాగితం. అప్పటి పరిస్థితికి అది తప్పు కాదు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలో 17 మంది కలిసి ఎజైల్ మేనిఫెస్టో రాశాక గాలి మారింది. కానీ పాతదాన్ని కొత్త అవసరానికి ఎలా మలచుకోవాలో చూడాలంటే నేను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కేసు ఫైళ్ల సాఫ్ట్‌వేర్ కథే చెప్తాను. వాళ్లు మొదట కట్టించిన వ్యవస్థ దాదాపు 17 కోట్ల డాలర్లు మింగి 2005లో మూలపడింది. రెండోది, సెంటినెల్, 2006లో నాలుగు దశల ప్లానుతో పెద్ద కాంట్రాక్టరు చేతికి వెళ్లింది, అదీ ఆలస్యమైంది. 2010లో ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న టీముతో రెండు వారాల స్ప్రింట్లు, అంటే రెండు వారాల చొప్పున పని విడతలు, మొదలుపెట్టింది. 2012 జులైలో సెంటినెల్ వాడకంలోకి వచ్చింది.

ఇందులో నన్ను కదిలించే విషయం ఒకటుంది. వాళ్లు 2006 నాటి రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటును చెత్తబుట్టలో వేయలేదు. దాన్నే చిన్న చిన్న యూజర్ స్టోరీలుగా, అంటే వాడేవాళ్లకు ఏం కావాలో చెప్పే ముక్కలుగా, విడగొట్టి, ఏది ముందో ఏది వెనకో వరస పెట్టుకున్నారు. రెండు వారాలకోసారి అయినంతవరకు నడిపి చూపించారు.

మన దగ్గర చాలా ప్రాజెక్టుల్లో ఇది తిరగబడింది. రోజూ స్టాండప్ అనే చిన్న మీటింగ్ ఉంటుంది, బోర్డు మీద పనుల కార్డులుంటాయి, కానీ స్కోప్ (ఏమేం కట్టాలి), తేదీ, ధర మూడూ మొదటి రోజే ఖాయమైపోతాయి. డాక్యుమెంటు రాయడం మాత్రం మానేశారు. రోజూ వాడాల్సిన మనిషి సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి చూసేది యూఏటీలోనే, అంటే చివర్లో వాడేవాళ్లు చేసే పరీక్షలోనే. కస్టమర్‌ను చివరిదాకా ఆగకుండా ముందునుంచే పనిలో కలుపుకోమని రాయిస్ 1970లోనే, ఆ వ్యాసంలోనే రాసిపెట్టారు.