స్పేర్ గేర్‌బాక్సు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. ఈమధ్య రెండు మూడు లారీలున్న ఓనర్లు ఒక పాత బాక్సు బాగుచేయించి స్పేర్‌గా ఉంచుకుంటున్నారు. లారీ ఆగినా ఫైనాన్స్ కిస్తీ ఆగదు కదా! ఆలోచన మంచిదే. కానీ దాని మీద నేను రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బేరింగులన్నీ మారిస్తే బాక్సు కొత్తదైనట్టే.

వాస్తవం: మోత తగ్గుతుంది, అంతే. ఘాట్ దిగేటప్పుడు గేరు తప్పి న్యూట్రల్‌లో పడుతోందంటే గేరును పట్టి ఉంచే డాగ్ పళ్ళు, గేరు మార్చినప్పుడు స్లీవును జరిపే షిఫ్టర్ ఫోర్కులు చూడాలి. గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగును గేరు కోన్ (ఏటవాలు అంచు) మీద పెట్టి, చేత్తో నొక్కి తిప్పండి. పట్టాలి. పట్టినా నేను ఊరుకోను, రింగుకీ గేరు పళ్ళకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ అనే పల్చటి కొలత రేకు పెట్టి చుట్టూ మూడు చోట్ల కొలుస్తాను. రింగు అరిగేకొద్దీ కోన్ మీద లోపలికి దిగుతుంది, సందు తగ్గుతుంది. మాన్యువల్‌లో చెప్పిన దానికన్నా తగ్గితే, రింగు ఎంత మెరుస్తున్నా పక్కన పడెయ్యాల్సిందే.

అపోహ: బేరింగు షాఫ్టు మీదికి ఎక్కకపోతే సుత్తి ఉందిగా.

వాస్తవం: బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ మీదుగా లోపలికి పోయి, అవి తిరిగే దారిలో గుంటలు పడతాయి. నూనెలో 100 డిగ్రీల దాకా వేడి చేస్తే దానంతటదే జారుతుంది. 120 దాటనివ్వొద్దు. గ్యాస్ మంట అసలే వద్దు.

అపోహ: గేర్ ఆయిల్‌లో జీఎల్-4 రకం కంటే జీఎల్-5 మంచిది, నంబరు పెద్దది.

వాస్తవం: జీఎల్-5 ముఖ్యంగా వెనక ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల కోసం. అందులోని గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగులను తినే అవకాశం ఉంది. బాక్సు కంపెనీ ఏది చెప్తే అదే పొయ్యండి.

అపోహ: ఆయిల్ పోసి మూలన పెడితే తుప్పు పట్టదు.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. పద్నాలుగు నెలలు పెట్టిన బాక్సు విప్పితే కింద కౌంటర్ షాఫ్టు నిగనిగలాడుతోంది. పైన, ఇంజను వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగులో మాత్రం రోలర్లు ఆనిన చోటల్లా సన్నటి గోధుమరంగు గీతలు, దువ్వెన పళ్ళలా. బాక్సు పక్కనుండే లెవెల్ ప్లగ్ దాకా పోసిన ఆయిల్ పైదాకా అందదు. బండి నడుస్తుంటేనే గేర్లు దాన్ని పైకి చిమ్ముతాయి. ఆ బేరింగు డబ్బులు నా జేబులోంచే పోయాయి.

ఇప్పుడు నెలకోసారి బాక్సును గేరులో వేసి ఇన్‌పుట్ షాఫ్టు చేత్తో తిప్పిస్తాను. న్యూట్రల్‌లో తిప్పితే చక్రాల వైపు పోయే మెయిన్ షాఫ్టు కదలదు. ప్లాస్టిక్ షీటు బిగించి చుట్టను, లోపల చెమట పడుతుంది. బాక్సు బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద పడకుండా చెక్క స్టాండు మీద పెడతాను. నేల మీద ఎందుకు పెట్టకూడదో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

తేమ లోపలికి పోకుండా బ్రీదర్‌కు, అంటే బాక్సు గాలి పీల్చి వదిలే చిన్న రంధ్రానికి, టేపు వేస్తాం. ఆ సంగతి ఎర్ర మార్కర్‌తో అట్టముక్క మీద రాసి బాక్సుకు కట్టండి. ఒకసారి మా కుర్రాడు టేపు తీయకుండానే లారీకి ఎక్కించాడు. నందిగామ చేరేలోపే లోపల వేడికి ఒత్తిడి పెరిగి, వెనక సీలులోంచి ఆయిల్ ధార కట్టిందని డ్రైవర్ ఫోన్.