రెజిలియెన్స్ క్లాసు కంటే ముందు రోస్టర్

ఏటా అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం దగ్గరపడగానే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో హెచ్‌ఆర్ మెయిల్ ఒకటి తిరుగుతుంది: గంటసేపు ‘రెజిలియెన్స్’ (ఒత్తిడిని తట్టుకునే శక్తి) సెషన్, అందరూ రావాలి. ఆ గంటలో చూడాల్సిన టికెట్లను (కస్టమర్ల ఫిర్యాదులను) మాత్రం ఎవరూ తీసేయరు, రాత్రి కూర్చుని ముగించుకోవాలి. ఒత్తిడిని తట్టుకోవడం ఉద్యోగి నేర్చుకోవాల్సిన విద్య అన్న ఆలోచన ఈ నగరానికి కొత్తది. అంతకుముందు ఆ భారంలో పెద్ద వాటా యజమానిదే, అదీ చట్టప్రకారం.

అజామాబాద్, సనత్‌నగర్, బాలానగర్ షెడ్ల రోజుల్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే కొలబద్ద. 250 మందికి పైబడితే క్యాంటీన్, 500 మంది ఉంటే కార్మికుల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్. ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం. రోజుకు 9, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి. అదే ఏడాది చట్టంతో మొదలైన ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద జబ్బుపడ్డ కార్మికుడికి ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందుతుంది. వీటిలో మనసు ఊసే లేదు. కానీ ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉందన్న ధీమా ఏ ట్రైనింగూ ఇవ్వలేనిది.

లోపాలు లేవని కాదు. కాంట్రాక్టు మనుషులు చాలాచోట్ల లెక్కలోకే రాలేదు. వెల్ఫేర్ ఆఫీసర్‌కు జీతమిచ్చేది మేనేజ్‌మెంటే కాబట్టి అతనికి కష్టం చెప్పుకోవడానికి జంకేవాళ్లు. ఇవాళ హెచ్‌ఆర్‌ది కూడా అదే అవస్థ. క్వార్టరూ డిస్పెన్సరీ ఉద్యోగానికే ముడిపడి ఉంటే, కంపెనీ మూతపడ్డ రోజున అన్నీ ఒక్కసారే చేజారతాయి.

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక పని తీరే మారింది. ఐటీ సంస్థలకు దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టంలోని పని గంటల సెక్షన్ల నుంచి మినహాయింపు దొరికింది. గడియారం న్యూయార్క్‌ది, నిద్ర హైదరాబాద్‌ది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ దొంగ ఖాతాల గుట్టు బయటపడినప్పుడు, జీతం వస్తుందో రాదో తెలియని వారాలు ఎలా ఉంటాయో వేల కుటుంబాలకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆ తర్వాత ఈఎంఐల నగరంలో ‘తట్టుకునే శక్తి’ అన్న మాటకు గిరాకీ పెరగడంలో వింతేముంది?

ఆ మాట మనస్తత్వ శాస్త్రంలోకి పిల్లల మీద పరిశోధనల ద్వారా వచ్చింది. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల స్వభావం ఎంత పనిచేసిందో, నమ్ముకోదగ్గ పెద్దవాళ్లు పక్కన ఉండటమూ అంతే పనిచేసింది. ఉద్యోగుల విషయానికొస్తే, అమెరికాలో ఇల్లినాయ్ బెల్ టెలిఫోన్ కంపెనీ మేనేజర్లను సాల్వటోర్ మాడీ, సుజాన్ కోబాసా అధ్యయనం చేశారు. కంపెనీ అల్లకల్లోలమైనప్పుడు కూడా చెక్కుచెదరని వాళ్లు అక్కడా మూడో వంతే. ట్రైనర్ల స్లైడ్లు ఈ మూడో వంతు దగ్గరే ఆగిపోతాయి. మిగతా రెండొంతుల మందిని పడగొట్టిందేమిటన్న ప్రశ్నకు జవాబు వేరే చోట ఉంది. పని బరువు ఎక్కువై, దాని మీద తన చేతిలో పట్టు లేనప్పుడే మనిషి దెబ్బతింటాడని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చూపించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా పని ఏర్పాట్లను సరిదిద్దమన్నాయి, మేనేజర్లకు శిక్షణ ఇవ్వమన్నాయి. 2024లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది వివరాలు పరిశీలించారు. రెజిలియెన్స్ ట్రైనింగ్, యాప్‌ల వంటివి తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ కనబడలేదు.

కాబట్టి ముందు చూడాల్సింది రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు పనిచేయాలన్న పట్టిక. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మనకు సాయంత్రం 6:30కు ఉన్న న్యూయార్క్ 9 గంటల మీటింగ్ 7:30కు జరుగుతుంది. ఇక్కడి ఉదయం 10 గంటల స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) మాత్రం కదలదు. మార్చి దాకా రోజుకో గంట ఎవరూ అడగకుండానే పోతుంది. ఆ సోమవారం నుంచే ఉదయం పని, క్యాబ్ టైము రెండూ గంట ఆలస్యంగా పెడితే సరి. పైసా ఖర్చు లేదు.

ఆన్‌కాల్ (సిస్టమ్ ఆగితే రాత్రైనా లేచి చూసే వంతు) లెక్క కూడా ఇలాంటిదే. టీమ్‌లో ముగ్గురే ఉంటే, ఒకరు సెలవు పెట్టగానే మిగతా ఇద్దరికీ వారం విడిచి వారం రాత్రి కాపలా. ఆరుగురు ఉంటే ఒకరు లేకపోయినా ఐదు వారాలకోసారి వస్తుంది. ఐరోపా సమాఖ్యలో 1993 నాటి ఆదేశంతో రెండు పనిదినాల మధ్య 11 గంటల విరామం నియమమైంది. దాన్ని ఇక్కడ పెట్టుకుంటే, తెల్లవారుజామున 3:30కు కాల్ ముగించినవాళ్లు మధ్యాహ్నం 2:30కు లాగిన్ అవ్వాలి. ఇది అడిగి తీసుకునే దయగా ఉండకూడదు, రోస్టర్‌లోనే రాసి ఉండాలి. అడగాల్సి వస్తే ఎవరూ అడగరు. సిస్టమ్ పంపే ఒకే అలర్ట్ నెలలో మూడుసార్లు లేపితే కొత్త ఫీచర్ కంటే ముందు దాని మరమ్మతు జరగాలి.

మేనేజర్ “అంతా ఓకేనా?” అంటే “ఓకే సార్” అనే వస్తుంది. “ఈ వారం ఏ పని ఆపేద్దాం?” అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. అలా ఆపే అధికారం మేనేజర్‌కు లేకపోతే ఆ ప్రశ్న కూడా దండగే. చేతికింద పాతికమంది ఉన్నవారికి రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట కూర్చోవడం కుదరదు.

జీడిమెట్ల, పాశమైలారం ప్లాంట్లలో కథ వేరు. ప్రమాదం జరిగాక అందరినీ కూర్చోబెట్టి చూసిందంతా చెప్పించడం మంచిదనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి ఒక్కపూట డీబ్రీఫింగ్ వద్దంటుంది. అప్పుడు కావాల్సింది ఇంటికి ఫోన్, ఎవరు ఏ ఆస్పత్రిలో ఉన్నారన్న కచ్చితమైన సమాచారం (హిందీలో, ఒడియాలో కూడా), పని ఆగిన రోజులకు కూలి ఇస్తారా లేదా అన్న మాట అదే రోజు.

చట్టం మళ్లీ కదిలింది, రెండు వైపులకూ. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది, వారం మొత్తం 48 దాటకూడదంటూనే. అదే ఏడాది నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) ఫ్యాక్టరీల్లో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సిన హద్దును 500 నుంచి 250 మందికి దించాయి.

కౌన్సెలింగ్ పెట్టే కంపెనీలు, ఆ సేవ ఇచ్చే సంస్థ పంపే బిల్లు మీద ఓ కన్నేయాలి. టీమ్‌వారీగా లెక్క అడిగితే, ఎనిమిది మంది ఉన్నచోట ‘ఇద్దరు వాడారు’ అన్న ఒక్క వరుసతో ఆ ఇద్దరెవరో తెలిసిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఎవరూ ఫోన్ చేయరు. కంపెనీ మొత్తానికి ఒక్క అంకె, మూడు నెలలకోసారి తీసుకుంటే చాలు. నోటీసు బోర్డు మీద కౌన్సెలింగ్ నంబరు పక్కనే, కంపెనీతో సంబంధం లేని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి పెట్టాలి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.