గుచ్చుకునేది మూత పెట్టేటప్పుడే

ఒంగోలులో ఓ ఆసుపత్రిలో అమ్మకు తోడుగా ఆరు రాత్రులు ఉన్నాను. నాలుగో రాత్రి మూడు గంటలప్పుడు సిస్టర్ ఎదురు బెడ్ ఆయనకు రక్తం తీసి, సూదికి మూత పెట్టబోతోంది. ఎడమ చేతిలో మూత, కుడి చేతిలో సిరంజి. "సిస్టరమ్మా, సెలైన్ అయిపోతా ఉంది" అని మూలనుంచి ఎవరో కేకేశారు. తల తిప్పింది. సూది బొటనవేల్లో దిగింది.

చాలా సూదిపోట్లు ఇలా పని అయిపోయాకే తగులుతాయి. రక్తం తీసే సూది లోపల బోలుగా ఉంటుంది, అందులో రక్తం మిగిలిపోతుంది. రోగికి హెచ్‌ఐవీ ఉంటే అది అంటుకునే అవకాశం వెయ్యికి సుమారు 3. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోనివాళ్లకు నూటికి 6 నుంచి 30 దాకా. మనం భయపడేది మాత్రం మొదటిదానికే!

వాడిన సూదికి మూత పెట్టకూడదని నర్సింగ్‌లో మొదటే చెబుతారు. ఆమెకూ తెలుసు. కానీ సూదులు వేసే తెల్ల డబ్బా వార్డు చివర బల్ల మీద ఉంది. మొన ఊపుకుంటూ పదిహేను మంచాలు దాటి వెళ్లడం కంటే మూత పెట్టడమే నయమనిపించి ఉంటుంది. దీన్ని అజాగ్రత్త అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అదే డబ్బా ట్రాలీ మీద ఉంటే? సూది చెత్త సంచిలో పడితే మరీ ఘోరం. సిరంజి ముట్టని ఆయమ్మ చేతికి అది తెల్లారి గుచ్చుకుంటుంది.

నర్సుల నడుము నొప్పులదీ ఇదే కథ. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కొక్కరి మీద 16 కిలోలకు మించి బరువు పడకూడదని అమెరికాలో 2007లో లెక్కగట్టారు. అమ్మ 62 కిలోలు. స్కానింగ్‌కి స్ట్రెచర్ మీదకి మార్చింది ఇద్దరే.

గుచ్చుకున్న చోట సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా మందులు అవసరమైతే గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి.

సిస్టర్ కుళాయి కింద వేలు పెట్టి వచ్చేసింది. డాక్టరుకు చెప్పమన్నాను.

"చెబితే నిద్రపోతున్నావా అంటారు సార్."

"హెపటైటిస్ టీకా?"

"రెండు డోసులు పడ్డాయి. మూడోది ఆరో నెలలో. అప్పటికి ఇక్కడికి మారా" అంటూ సెలైన్ మార్చడానికి వెళ్లిపోయింది.