కనబడని పెంకుపురుగును వెతికే పద్ధతి

చెన్నై

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెయింట్ హెలీనా పెంకుపురుగు ఉన్నట్టా, పోయినట్టా అని అడిగారు. నెపోలియన్ 1821లో కన్నుమూసిన దీవే అది. అట్లాంటిక్ నడిమధ్య 122 చదరపు కిలోమీటర్లు, అంటే మన చెన్నై కార్పొరేషన్‌లో మూడో వంతు కూడా లేదు. అక్కడి నేలమీద పరుగెత్తే ఆ పెద్ద పురుగు శాస్త్రనామం అప్లోథొరాక్స్ బర్చెల్లీ. ఎగరలేదు, ఇంకెక్కడా లేదు. 1960ల తర్వాత ప్రాణంతో ఎవరికీ దొరకలేదు. దాని పొరుగుదే, తోక చివర పట్టకారులాంటి కొమ్ములతో 8 సెంటీమీటర్ల దాకా పెరిగే మరో పురుగు కూడా 1967 నుంచి కనబడలేదు. ఇళ్లు కట్టడానికి జనం రాళ్లు ఏరుకుపోతే దానికి దాక్కునే చోటు పోయింది. బయటినుంచి వచ్చిన ఎలుకలు, జెర్రులు మిగతా పని పూర్తిచేశాయి. 2014లో ఈ రెండో పురుగు అంతరించిందని ప్రకటించారు.

పెంకు దొరికితే బతికున్నట్టు కాదు. రెక్కల పెంకు ఎండిన మట్టిలో చాలాకాలం చెడదు. దొరక్కపోతే చచ్చినట్టూ కాదు. తగిన చోట, తగిన రుతువులో, పగలూ రాత్రీ వెతికాకే ఆ మాట అనాలి. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవి పుల్లపురుగు 1920ల నుంచి లేదనుకున్నారు. 2001లో పక్కనున్న రాతిశిఖరం మీద ఒక్క పొద కింద దొరికింది!

వెతికే పద్ధతి మన పెరట్లోనే చూడొచ్చు. రెండు ప్లాస్టిక్ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి పాతండి. నేలమీద పాకే పురుగులు అందులో పడతాయి. బయటిది మట్టిలో ఉండిపోతుంది, లోపలిది తీసి చూసుకోవచ్చు. అంచు నేలకు సమంగా ఉండాలి. కాస్త పైకి లేచినా పురుగు పక్కకు తిరిగిపోతుంది, అందరూ తప్పేది ఇక్కడే. రెండింటి అడుగునా సూదితో చిల్లులు పొడవండి, లేకుంటే ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానకు మునిగి చస్తాయి. నాలుగు ఎండుటాకులు వేయండి, దాక్కునే చోటు లేకపోతే ఒకదాన్నొకటి తింటాయి. పైన నాలుగు గులకరాళ్ల మీద కుండ పెంకు ముక్క కప్పండి. తెల్లారగానే చూడాలి, మన ఎండకు తొమ్మిదింటికే మాడిపోతాయి. వేళ్లు పెట్టొద్దు, తేలు ఉండొచ్చు. ఫొటో తీసి వదిలేయండి.

పది గ్లాసులు మూడు రాత్రులు పెడితే ముప్పై గ్లాసు-రాత్రులు అని రాయండి. పక్కన తేదీ, వాన, ఎన్ని పడ్డాయో రాయండి. ఏమీ పడకపోతే గీత పెట్టి వదలకండి, సున్నా అనే రాయండి. ఆ దీవి పురుగు గురించి మనం మాట్లాడగలుగుతున్నది అలాంటి సున్నాల వల్లనే.

ఇట్లు,
మీ తాతయ్య